తులాధారుడి తక్కెడ, ధర్మకర్త లెక్క

వ్యాపార నిర్వహణను శాస్త్రంగా నేర్పే పాఠ్యప్రణాళికల్లో ప్రణాళికా రచన, పనివిభజన, సిబ్బంది ఎంపిక, పర్యవేక్షణ, వ్యయ నియంత్రణ వంటి సూత్రాలు ముందు వరుసలో ఉంటాయి; వ్యాపార నీతి, పర్యావరణ బాధ్యత వంటివి చాలాచోట్ల చివరి వరుసలో, ఇష్టమైతే తీసుకోదగిన పాఠాలుగా మిగిలిపోతాయి. ఈ అమరిక కాలపట్టిక సౌకర్యం కోసం మాత్రమే ఏర్పడింది కాదు. సంపాదించే నేర్పు శాస్త్రానికి చెందుతుందనీ, సంపాదించినదాన్ని ఎలా వెచ్చించాలన్న విచారణ ధర్మానికి చెందుతుందనీ భావించే ఒక తాత్త్విక విభజన దాని వెనుక ఉంది. ఆ విభజన నిలుస్తుందా లేదా అన్నది నిర్వహణ శాస్త్రం పుట్టడానికి ఎంతో ముందే భారతీయ ధార్మిక గ్రంథాలు ఎదుర్కొన్న ప్రశ్న. తనది కాని సంపదను, తన ఒక్కడివీ కాని వనరులను నడిపే మనిషికి వాటితో ఎలాంటి సంబంధం ఉంది, అతడు ఎవరికి లెక్క చెప్పాలి అన్నది తేలకుండా సుస్థిర వ్యాపారం గురించి ఎంత మాట్లాడినా ఆ మాటలకు పునాది ఏర్పడదు.

సుస్థిరత అన్న పదానికి ఇప్పుడు ప్రపంచమంతటా చలామణిలో ఉన్న అర్థం 1987లో వెలువడిన బ్రంట్‌లాండ్ సంఘం నివేదికతో స్థిరపడింది. నేటి తరం తన అవసరాలు తీర్చుకునే క్రమంలో రేపటి తరాల అవసరాలకు గండి కొట్టకూడదన్నది దాని సారం. ఇందులో కొలతకు అందే భాగం చాలానే ఉంది. భూగర్భ జలం ఎంత లోతుకు దిగిందో, గాలిలోకి ఎంత బొగ్గుపులుసు వాయువు చేరిందో యంత్రాలు చెప్పగలవు. కానీ ఇంకా పుట్టని మనిషికి నేటి మనిషి ఎందుకు బాకీ పడతాడన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. పుట్టనివారితో ఒప్పందం కుదరదు. వారు సరుకు కొనరు, కోర్టుకెక్కరు, నచ్చకపోతే మరో దుకాణానికి పోరు. బజారు లెక్కలో వారికి ఉనికే లేదు. వారికి ఉనికినిచ్చేది ఋణభావన. పూర్వీకుల పట్ల మనిషికి ఉన్న బాకీని పితృఋణం అనీ, అది సంతానం ద్వారానే తీరుతుందనీ చెప్పిన సంప్రదాయంలో, వెనుకటివారికి పడిన అప్పును ముందుతరానికి చెల్లించడం కొత్త ఆలోచన కాదు. ఆ ఆలోచనను కుటుంబం గడప దాటించి నదికీ నేలకూ గాలికీ వర్తింపజేయడమే సుస్థిరత కోరుతున్న మార్పు.

మహాభారత శాంతిపర్వంలోని మోక్షధర్మ భాగంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన తులాధార జాజలి సంవాదం ఈ విచారణకు నేరుగా అక్కరకొస్తుంది. జాజలి ఘోర తపస్సు చేసిన బ్రాహ్మణుడు. అతడు కొయ్యలా నిలబడి ఉండగా అతని జడల్లో ఒక పక్షుల జంట గూడు కట్టి గుడ్లు పెట్టింది. గుడ్లు పిల్లలై, రెక్కలు వచ్చి, ఎగిరిపోయి ఇక తిరిగి రానంతవరకూ అతడు కదలలేదు. ధర్మమంతా తనకు చేజిక్కిందని అతడు పొంగిపోయినప్పుడు, వారణాసిలోని తులాధారుడికి నీవు సాటిరావని ఒక అదృశ్యవాణి హెచ్చరిస్తుంది. తులాధారుడు అంగడిలో సరుకులు తూచి అమ్ముకునే వర్తకుడు. తపస్వి వెతుక్కుంటూ వెళ్లేసరికి అతడు అమ్మకాల మధ్యనే ఉంటాడు. లేచి ఆదరించి, వచ్చిన పని తనకు తెలుసునని చెప్పి, ఆపైన తన ధర్మాన్ని వివరిస్తాడు. ఏ ప్రాణికీ ద్రోహం లేకుండా సాగే జీవిక ఉత్తమమనీ, అది సాధ్యం కానిచోట వీలైనంత తక్కువ ద్రోహంతో సాగే జీవికే ధర్మమనీ, తన తక్కెడ సమస్త ప్రాణుల పట్ల సమంగా నిలుస్తుందనీ అతడు చెప్పిన మాటల సారం.

ఈ ఘట్టంలో ప్రత్యేకంగా గమనించవలసిన విషయం, తులాధారుడు తాను చేసిన దానాలను తన ధర్మానికి సాక్ష్యంగా చూపకపోవడం. సంపాదించిన తరువాత ఏమి చేశానన్నది కాక, ఏ సరుకు అమ్ముతాను, ఏది అమ్మను, ఎలా అమ్ముతాను అన్నదే అతని వివరణ. సుగంధద్రవ్యాలు, రకరకాల రసాలు అమ్ముతాడు, మద్యం ముట్టడు. ఇతరుల దగ్గర కొన్నదాన్ని మోసం లేకుండా అమ్ముతాడు. అంతటితో ఆగక సరుకు వెనుకనున్న బాధను కూడా అతడు తూకంలో వేస్తాడు. ఎద్దులకు వృషణాలు తీయడం, ముక్కు కుట్టడం, మోయలేని బరువులు మోయించడం, సాటి మనుషులను బానిసలుగా పట్టి రాత్రింబవళ్లు పని చేయించుకోవడం, చివరకు నాగటి కర్రు కింద నలిగే పురుగూ పుట్రా కూడా అతని విచారణలోకి వస్తాయి. అంగట్లోకి వచ్చే ముందు ఒక వస్తువు దాటివచ్చిన దారంతటినీ వ్యాపారి బాధ్యతగా లెక్కించాలన్న నేటి సరఫరా గొలుసు చర్చ ఇంతకంటే లోతుకు వెళ్లలేదు.

జాజలి దీనికి లొంగిపోడు. సేద్యమూ పశువులూ లేకపోతే మనుషులు ఎలా బతుకుతారు, యజ్ఞాలు ఎలా సాగుతాయి, ఇది నాస్తికుల మాట కాదా అని నిలదీస్తాడు. పరిశ్రమను కట్టడి చేస్తే ఉపాధి ఏమవుతుందని నేడు అడుగుతున్నదీ ఇదే ప్రశ్న. తేలికగా కొట్టిపారేయదగింది కాదు. తులాధారుడు తాను నాస్తికుణ్ణి కానని చెప్పి, యజ్ఞాన్ని నిందించకుండా యజ్ఞం పేరుతో సాగే లోభాన్ని విమర్శిస్తాడు. అయితే అతని సమాధానంలోని అసలు బలం ముందే చెప్పిన అల్పద్రోహం అన్న మినహాయింపులో ఉంది. ద్రోహం పూర్తిగా తప్పనప్పుడు రెండు మార్గాల్లో దేనివల్ల తక్కువ హాని జరుగుతుందో పోల్చి చూడాలి, పోల్చాలంటే కొలవాలి, కొలవాలంటే పని ఎలా జరుగుతోందో మొదటి నుంచి చివరివరకూ తెలిసి ఉండాలి. ధర్మానికి నిర్వహణ నేర్పు అవసరమయ్యే చోటు ఇదే. మంచితనం ఉండి లెక్క తెలియని వ్యాపారి అల్పద్రోహాన్ని గుర్తించలేడు. లెక్క తెలిసి హానిని లెక్కలోకే రానివ్వని నిర్వాహకుడు దాన్ని గుర్తించడానికి ఇష్టపడడు.

దానం ద్వారా ధర్మాన్ని సాధించవచ్చన్న రెండవ ధోరణి కూడా ఈ దేశంలో బలమైనదే, దాని ఫలితాలు అల్పమైనవి కావు. అమరావతి స్తూపం శిలాఫలకాల మీద దాతలుగా రాజోద్యోగులతో పాటు గృహస్థులు, వర్తకులు, గంధద్రవ్యాల వ్యాపారులు, వారి కుటుంబాల స్త్రీలు కనిపిస్తారు. కృష్ణాతీరపు బౌద్ధ శిల్పం ఆ వ్యాపార సంపద లేకుండా ఉండేది కాదు. కానీ దానశాసనం ఎవరు ఏమి ఇచ్చారో చెబుతుంది, ఎలా గడించారో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నను బౌద్ధం ధర్మబోధలో విడిగా ఎత్తుకుంది. దీఘనికాయంలోని సిగాలోవాద సూత్రంలో బుద్ధుడు గృహస్థుడైన ఒక యువకుడికి, సంపాదనను నాలుగు భాగాలు చేసి ఒకటి అనుభవించడానికి, రెండు వ్యాపారంలో పెట్టడానికి, నాలుగోది ఆపద కోసం దాచడానికి వినియోగించాలని చెబుతాడు. అదే ఉపదేశంలో యజమాని పనివారికి చేయవలసిన అయిదు విధులు కూడా వస్తాయి: శక్తికి తగిన పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, రుచికరమైనవి దొరికినప్పుడు పంచుకోవడం, తగిన సమయంలో సెలవు ఇవ్వడం. ఇవి దానం కింద రావు. పనివాడికి రావలసిన బాకీ కింద వస్తాయి. దానం ఆలస్యమైతే దాత ఔదార్యం తగ్గుతుంది, బాకీ ఆలస్యమైతే యజమాని అపరాధి అవుతాడు. నేటి వ్యాపార సంస్థల సామాజిక బాధ్యత గురించిన అయోమయమంతా ఈ తేడాను చెరిపివేయడం వల్లే పుట్టింది.

ఈ రెండు ధోరణులను ఒకచోటికి తెచ్చి, ఆధునిక పరిశ్రమకు వర్తించే సిద్ధాంతంగా మలచే ప్రయత్నం మహాత్మా గాంధీ చేశారు. దానికి ఆయన పెట్టిన పేరు ట్రస్టీషిప్; తెలుగులో ధర్మకర్తృత్వం. ఆస్తి చేతిలో ఉండి, దాన్ని నడిపే అధికారమూ ఉండి, అందులో తనదంటూ ఏమీ లేకుండా మరొకరి మేలు కోసం కాపాడవలసినవాడు ధర్మకర్త. ఈ భావనకు రెండు మూలాలు ఉన్నట్లు గాంధీ ఆత్మకథే తెలియజేస్తుంది. ఒకటి భగవద్గీతలోని అపరిగ్రహం, సమభావం. రెండవది లండన్‌లో న్యాయశాస్త్ర విద్యార్థిగా ఉన్నప్పుడు స్నెల్ రాసిన ఈక్విటీ గ్రంథంలో చదువుకున్న ట్రస్టు సూత్రాలు. దక్షిణాఫ్రికాలో గీతను అధ్యయనం చేస్తున్న కాలంలో, ఆస్తిని వదిలేయకుండా దానిపట్ల మమకారాన్ని ఎలా వదలాలన్న చిక్కుకు ఆయనకు ఆ న్యాయశాస్త్ర పదంలో దారి దొరికింది. 1937 జనవరిలో ట్రావన్‌కూర్ పర్యటనలో ఆయన ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రాన్ని పదేపదే వ్యాఖ్యానించారు. జగత్తంతా ఈశ్వరుడిదైనప్పుడు మనిషి విడిచిపెట్టి అనుభవించాలనీ, ఎవరి ధనాన్నీ ఆశించకూడదనీ చెప్పే ఆ మంత్రమే తన ధర్మకర్తృత్వ భావనకు వేదాంతపు పునాదిగా ఆయన చూశారు. గీత మూడవ అధ్యాయంలో, పొందినదానికి ప్రతిగా ఏమీ ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగగా ఎంచడం ఆ భావనకు మరింత కఠినమైన రూపం.

ఈ సిద్ధాంతానికి అహ్మదాబాద్ నూలు మిల్లుల్లో గట్టి పరీక్ష ఎదురైంది. 1915లో గాంధీ కొచ్రబ్ ఆశ్రమంలో అంటరానివారిగా చూడబడిన ఒక కుటుంబాన్ని చేర్చుకున్నందుకు విరాళాలు ఆగిపోయినప్పుడు, ఒక మిల్లు యజమాని కారులో వచ్చి 13,000 రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆ దాత అంబాలాల్ సారాభాయి అని చరిత్రకారులు గుర్తించారు. మూడేళ్లు తిరగకముందే, ప్లేగు కాలంలో ఇచ్చిన అదనపు భత్యాన్ని మిల్లులు ఎత్తివేయగా ధరల పెరుగుదలకు తగినట్లు వేతనం పెంచాలని కార్మికులు కోరారు. యజమానులు 20 శాతానికి మించి ఇవ్వబోమన్నారు. లెక్కలన్నీ పరిశీలించి 35 శాతం న్యాయమని గాంధీ నిర్ణయించారు. యజమానుల పక్షాన ముందు నిలిచింది అంబాలాల్, కార్మికుల పక్షాన నిలిచింది ఆయన సోదరి అనసూయ. ఆశ్రమాన్ని నిలబెట్టిన దాత అయినంత మాత్రాన కార్మికుడికి రావలసిన జీతం బాకీ మాఫీ కాదన్న విషయాన్ని గాంధీ ఏ మొహమాటమూ లేకుండా ఆచరణలో చూపారు. కార్మికుల పట్టుదల సడలుతున్నప్పుడు 1918 మార్చిలో ఆయన మూడు రోజులు ఉపవాసం ఉన్నారు. మధ్యవర్తిగా నియమితులైన ఆనందశంకర్ ధ్రువ్ చివరకు 35 శాతమే న్యాయమని తేల్చారు. తన పట్ల ప్రేమగల మిల్లు యజమానుల మీద ఆ ఉపవాసం ఒత్తిడి తెచ్చినందున అందులో దోషం ఉందని గాంధీయే తరువాత ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలులో పెద్ద విషయం దాగి ఉంది. ధర్మకర్తృత్వం యజమాని అంతరాత్మ మీదే పూర్తిగా ఆధారపడేదయితే, 35 శాతం లెక్కను నిలబెట్టడానికి సమ్మె, సంఘం, మధ్యవర్తి, ఉపవాసం ఇన్ని అవసరమయ్యేవి కావు.

1961లో అహ్మదాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఏర్పడటంలో ప్రధాన పాత్ర వహించిన విక్రమ్ సారాభాయి ఆ అంబాలాల్ కుమారుడే. దేశంలో నిర్వహణ విద్యకు తొలి కేంద్రాల్లో ఒకటి, ధర్మకర్తృత్వం బహిరంగంగా పరీక్షకు నిలిచిన నగరంలోనే వెలసింది. 1918 నాటి వేతన వివాదం ఆ విద్యకు మొదటి పాఠం కాదగినది: రెండు పక్షాల లెక్కలు, పోల్చదగిన ఇతర నగరాల వేతనాలు, ధరల వివరాలు, నైతిక ఒత్తిడికి ఉన్న హద్దులు, అన్నీ అందులో ఉన్నాయి.

ధర్మకర్తృత్వంపై వచ్చిన విమర్శలను పక్కనపెట్టి దాన్ని ఆదర్శంగా బోధించడం ఆ సిద్ధాంతానికే అన్యాయం. 1945లో కాంగ్రెస్‌నూ గాంధీనీ విమర్శిస్తూ రాసిన గ్రంథంలో బి.ఆర్.అంబేద్కర్ ఈ భావనను తీవ్రంగా తిరస్కరించారు; ధనికుణ్ణి పేదవాడి సంరక్షకుడిగా నియమించడం వల్ల పేదవాడికి హక్కు ఏర్పడదని, దయ మాత్రమే మిగులుతుందని ఆ విమర్శకు అర్థం. తెలుగు నేల మీద జరిగిన ఒక గొప్ప ప్రయత్నం ఈ విమర్శలోని సత్యాన్ని కొంతవరకు నిరూపించింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, భూమిలేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగినప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. సాయుధ పోరాటంతో అట్టుడికిన ప్రాంతంలో ఆ దానం చూపిన మానవీయత నిజమైనది. కానీ ఉద్యమం దేశమంతా పాకిన తరువాత, ఇస్తామన్న భూమిలో పెద్ద భాగం సాగుకు పనికిరానిదో, వివాదాల్లో ఉన్నదో, కాగితాల మీదే నిలిచిపోయినదో అయింది. ఇచ్చినవాడి మాటకు బలం ఉంది, పుచ్చుకునేవాడి చేతిలో లెక్క అడిగే హక్కు లేదు.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పుకోవాలి. గాంధీ సవరించి ఆమోదించగా, ఆయన మరణానంతరం 1952లో హరిజన్ పత్రికలో వెలువడిన ధర్మకర్తృత్వ ముసాయిదా, సాధారణంగా ఊహించుకునేంత మెత్తనిది కాదు. సమాజం తన మేలు కోసం అనుమతించిన మేరకే ప్రైవేటు ఆస్తికి చోటుందనీ, ఆస్తి వినియోగాన్ని చట్టం ద్వారా నియంత్రించడం ధర్మకర్తృత్వానికి విరుద్ధం కాదనీ, కనీస వేతనం లాగానే గరిష్ఠ ఆదాయానికీ పరిమితి ఉండాలనీ, ఉత్పత్తిని వ్యక్తిగత లోభం కాక సామాజిక అవసరం నిర్ణయించాలనీ అది చెబుతుంది. ధనికుల సౌజన్యంగా ప్రచారమైన సిద్ధాంతం వేరు, ఆ ముసాయిదాలోని సిద్ధాంతం వేరు. న్యాయశాస్త్రంలో ధర్మకర్త ఎంత సజ్జనుడైనా లెక్క చూపకుండా తప్పించుకోలేడు. లబ్ధిదారుడికి లెక్క అడిగే హక్కు ఉన్నప్పుడే ట్రస్టు ట్రస్టవుతుంది. ఈ సగాన్ని వదిలిపెట్టి మొదటి సగాన్ని మాత్రమే నేర్పడం వల్ల ధర్మకర్తృత్వానికి చెడ్డపేరు వచ్చింది.

ఆ రెండవ సగాన్ని జీవితంలో పాటించినవారు జె.సి.కుమరప్ప. 1892లో తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, లండన్‌లో చార్టర్డ్ అకౌంటెంటుగా శిక్షణ పొంది, కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ ఆదాయవ్యయాలకూ భారత పేదరికానికీ ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేసిన ఆయన 1929లో గాంధీని కలిసి, గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులను వెంటబెట్టుకుని ఖేడా జిల్లా మాతర్ తాలూకా గ్రామాల ఆర్థిక పరిశీలనకు దిగారు. ఇంటింటి ఆదాయం, అప్పు, పశువులు, పన్ను, పంట అన్నీ విద్యార్థులే అడిగి రాసుకున్నారు. 1934 బిహార్ భూకంప సహాయ నిధి లెక్కల బాధ్యత మీద పడినప్పుడు, సహాయ కార్యకర్తల రోజు తిండి ఖర్చుకు అణాల్లో పరిమితి పెట్టి, అక్కడికి వచ్చిన గాంధీ పరివారం ఖర్చులను ఆ నిధి నుంచి ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. బాధితుల కోసం వచ్చిన డబ్బు బాధితులదే. ధర్మకర్తృత్వానికి ఇంతకంటే కచ్చితమైన ఆచరణ ఉండదు. ఆచరించినవాడు ఆడిటరు కావడం యాదృచ్ఛికం కాదు.

1945లో వెలువడిన ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్ గ్రంథంలో కుమరప్ప ప్రకృతి నుంచే ఆర్థిక విధానాలను వర్గీకరించారు. ఆశ్రయమిచ్చినదాన్నే చంపే పరాన్నజీవనం, ప్రతిఫలం లేకుండా లాక్కునే దోపిడీ, శ్రమించి తన కోసం సృష్టించుకునే ఉద్యమశీలత, తేనెటీగల్లా సమూహం కోసం శ్రమించే సహజీవనం, పిల్లలను పెంచే తల్లిలా ప్రతిఫలం ఆశించని సేవ అన్నవి ఆ మెట్లు. వనరులను కూడా ఆయన రెండుగా చూశారు: బొగ్గు, పెట్రోలియం, ఖనిజాలు వంటివి ఎంత వాడితే అంత తరిగిపోయే నిల్వలు, ప్రవహించే నీరు, పెరిగే చెట్టు వంటివి వాడుకుంటూనే నిలుపుకోగల ప్రవాహాలు. నిల్వల మీద నడిచే ఆర్థికం పోటీకీ, పోటీ హింసకూ దారితీస్తుందన్నది ఆయన వాదన. బ్రంట్‌లాండ్ నివేదికకు నాలుగు దశాబ్దాల ముందు, అదీ జైలులో రాసిన పుస్తకంలో, సుస్థిరతను అహింసతో ఇంత సూటిగా ముడిపెట్టిన ఈ ఆలోచనకు నిర్వహణ విద్యలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

పాశ్చాత్య నిర్వహణ చింతనలో ఈ ప్రశ్న మరో దారిలో వచ్చింది. పెద్ద కంపెనీల్లో వాటాదారు యజమాని ఒకరు, నడిపే అధికారి మరొకరు అయిపోయారని బెర్ల్, మీన్స్ 1932లో చూపారు. అంటే నిర్వాహకుడు తనది కానిదాన్ని నడిపేవాడే. అతడు ఎవరి ధర్మకర్త అన్నదే మిగిలిన వివాదం. చట్టానికీ నిజాయితీకీ లోబడి లాభం పెంచడమే అతని బాధ్యత అని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో వాదించారు. వ్యాపారం వల్ల మేలో కీడో పొందే వారందరినీ లెక్కలోకి తీసుకోవాలని ఎడ్వర్డ్ ఫ్రీమన్ 1984లో వాదించారు. భారత కంపెనీల చట్టం 2013 ఈ రెండింటి మధ్య ఆసక్తికరమైన చోట నిలిచింది. అందరికీ తెలిసిన 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలపై వెచ్చించాలి. ఇది దానశాసనం వంటిది. లాభం వచ్చిన తరువాతి విషయం. అంతగా చర్చకు రాని 166వ సెక్షన్ మాత్రం, డైరెక్టరు వాటాదారుల మేలుతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ పరిరక్షణ మేలు కోసం సద్బుద్ధితో వ్యవహరించాలని విధిస్తుంది. ఇది లాభం ఎలా వస్తుందన్న దాని మీదే ధర్మాన్ని మోపుతుంది. నిర్వహణ పాఠాల్లో 135కు దక్కే శ్రద్ధలో కొంతైనా 166కు దక్కాలి.

ఈ తేడా మాటల్లో చిన్నదిగా కనిపించినా నీళ్లలో పెద్దదిగా కనిపిస్తుంది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు ప్రాంతపు మందుల కర్మాగారాలు తమ వ్యర్థజలాలను ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపేవి. దాదాపు 90 ఔషధ ఉత్పత్తిదారుల వ్యర్థాలు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అన్న యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలోకి సాగేది. యాంటీబయాటిక్ ఉన్న నీటిలో దానికి లొంగని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి కాబట్టి, జబ్బు తగ్గించడానికి తయారైన మందు తన శక్తిని తానే పోగొట్టుకునే పరిస్థితి అక్కడ ఏర్పడింది. కర్మాగారానికి శుద్ధి ఖర్చు ఖాతాలో ఉంది, మందుల అమ్మకం ఖాతాలో ఉంది. వాగు పక్కన బావి చెడిపోయిన రైతు నష్టం, ఏ దేశంలోనో మందుకు లొంగని జబ్బుతో ఆసుపత్రిలో చేరే రోగి నష్టం ఏ ఖాతాలోనూ లేవు. ఇలా వ్యాపారి చెల్లించకుండా ఇతరుల నెత్తిన పడే ఖర్చును అర్థశాస్త్రం బాహ్య వ్యయం అంటుంది. తులాధారుడి భాషలో అది తూకంలో వేయని ద్రోహం. లాభంలో 2 శాతంతో అదే ఊళ్లో పాఠశాల గది కట్టించినా ఈ బాకీ తీరదు.

ప్రతిగా, లబ్ధిదారుడి చేతిలో లెక్క ఉన్న నిర్వహణకు నమూనాలు లేకపోలేదు. 1956లో మొదలైన ముల్కనూర్ సహకార సంఘం, ఆ తరువాత అదే ప్రాంతపు మహిళలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఏర్పరచుకుని 2000లో ప్రారంభించిన పాల డెయిరీ ఇందుకు తెలంగాణలోనే ఉన్న ఉదాహరణలు. పాలు పోసే మహిళే అక్కడ సభ్యురాలు. వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే పద్ధతి ఆమెకు తెలుసు, ఆ శాతం తప్పుగా నమోదైతే అడగగలదు. పాలకవర్గాన్ని ఎన్నుకునేది, సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు వినేది ఆమే. జీతానికి నియమితుడైన మేనేజరుకు సాంకేతిక నైపుణ్యం ఎంత ఉన్నా, తాను ఎవరి సొమ్ము నడుపుతున్నాడో అతనికి ఏటా ఎదురుగా కూర్చుని గుర్తు చేసేవారున్నారు. ధర్మకర్తృత్వం ఇక్కడ ఔదార్యంగా కాక ఏర్పాటుగా ఉంది.

అయితే పుట్టనివారు ఏ సర్వసభ్య సమావేశానికీ రాలేరు, వాగుకు ఓటు లేదు. సహకార సంఘం నేటి సభ్యుడికి జవాబు చెబుతుంది. బోరుబావుల లోతు పెంచుకుంటూ పోయే నిర్ణయాన్ని సభ్యులంతా ఏకగ్రీవంగా తీసుకునే అవకాశం అక్కడా ఉంది. ఈ లోటును పూర్తిగా పూడ్చే సంస్థ ఏదీ ఇంతవరకూ రూపొందలేదు, కాబట్టే నిర్వహణ విద్యార్థి మనసులో ఋణభావన చదువు తొలినాళ్లలోనే నాటుకోవలసి ఉంది. అది ఉపన్యాసాలతో నాటుకునేది కాదు. కుమరప్ప మాతర్ తాలూకాలో చేసినట్లు విద్యార్థిని లెక్క పుట్టే చోటికి పంపడమే దానికి మార్గం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమలకు అనుమతి ఇచ్చే ముందు స్థానిక ప్రజల అభిప్రాయ సేకరణ జరగాలి, నివేదిక సంక్షిప్త రూపాన్ని స్థానిక భాషలోనూ అందుబాటులో ఉంచాలి. ఆ తెలుగు సంక్షిప్త నివేదిక చాలాసార్లు సాంకేతిక పదాల ముద్దగా ఉండి, అది ఎవరి కోసమో వారికే అర్థం కాకుండా పోతుంది. ఏ ప్రాంతంలోని నిర్వహణ కళాశాలైనా తన విద్యార్థులకు అలాంటి ఒక నివేదికను అప్పగించి, రోజుకు ఎంత నీరు తోడతారు, ఆ నీరు ఎవరి బావి నుంచి తగ్గుతుంది, బయటికి వచ్చేది ఎక్కడికి పోతుంది, ముప్ఫై ఏళ్లకు ఆ భూమి ఎలా మిగులుతుంది అన్న ప్రశ్నలకు ఊరి రైతు చదివి ఎదురు ప్రశ్న వేయగల తెలుగులో జవాబులు రాయించవచ్చు. అభిప్రాయ సేకరణ నాడు ఆ విద్యార్థి గుడారంలో కూర్చుని ఆ ప్రశ్నలు విని, వచ్చిన అభ్యంతరాలను బట్టి తాను వేసిన అంచనాలను సవరించి చూపితే, దానికి మార్కులు వ్యయ నియంత్రణ పరీక్షతో సమానంగా, మొదటి సంవత్సరంలోనే వేయాలి.